కరోనా బ్యాచ్‌లో అందరూ పాసయ్యారు, మరి కాలేజీ దాకా రానివాళ్ల సంగతేంటి?

నీలిగోరింక
చాలా రోజులుగా అడగాలనుకుంటున్నా. మా తమ్ముడు 2020లో స్కూల్ చదువు అయిపోయింది అనిపించాడు. అనిపించాడు అని ఎందుకంటున్నానంటే చివరి పరీక్షలే జరగలేదు, అంతకుముందు టెస్టుల మార్కులు చూసి పాస్ అని సర్టిఫికెట్ చేతిలో పెట్టేశారు. వాడేం మొద్దు కాదు, క్లాసులో పైనుంచి నాలుగోవాడో ఐదోవాడో. కాలేజీ క్లాసులన్నీ ఫోన్లోనే అంటున్నారు, ఈ ఏడు వద్దులే వచ్చే ఏడు చేరతా అన్నాడు, అందరం సరే అన్నాం, అప్పటికి నాన్న పని కూడా ఆగిపోయి ఉంది. ఆ వచ్చే ఏడు ఇంకా రాలేదు. ఇప్పుడు వాడికి 23, పార్సిళ్లు డెలివరీ చేస్తున్నాడు.
నిన్న ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన "కరోనా వల్ల చదువులేం పాడవలేదమ్మా, పాస్ పర్సెంటేజీలు ఎప్పుడూ లేనంత వచ్చాయి, మీవాడికే బుద్ధి లేదు" అనేసి వెళ్లాడు. తమ్ముడు ఒక్క మాట మాట్లాడకుండా చెప్పులేసుకుని బయటికెళ్లిపోయాడు. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. నిజంగా అందరూ బాగానే ఉండి వీడొక్కడే ఆగిపోయాడా? మీ ఇళ్లలో మీ క్లాసుల్లో ఏం జరిగిందో చెప్పండి. 23 ఏళ్లకి మళ్లీ చేరడం అయ్యే పనేనా?

గేట్‌పాస్
కటువుగా ఉంటుంది, ఏమనుకోవద్దు. నేనూ అదే బ్యాచ్. మా క్లాసులో 40 మంది, దాదాపు అందరూ ఏదో ఒక కోర్సులో చేరారు, ఫోన్లో వినీ వినక ఎలాగోలా గట్టెక్కారు. కరోనా అందరికీ వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా తప్పంతా దాని మీదకే తోసేస్తే ఎలా, ఒక ఏడాది ఆగాడు సరే, రెండో ఏడాది ఎవరు ఆపారు?

ఇద్దరిఅమ్మ
గేట్‌పాస్ బాబూ, అందరికీ వచ్చింది నిజమే, అందరి ఇంట్లో ఒకేలా రాలేదు.

లెక్కలపక్షి
చుట్టంగారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, ఆ సగమే ప్రమాదం. పాస్ పర్సెంటేజీలు పెరిగిన మాట వాస్తవం. ఇండియాలో సీబీఎస్ఈ పన్నెండో తరగతి 2019లో 83.4 శాతం, 2021లో పరీక్ష రద్దుచేసి పాత మార్కులతో లెక్కగట్టినప్పుడు 99.37, మళ్లీ పరీక్షలు పెట్టిన 2022లో 92.71. అమెరికాలో హైస్కూల్ పూర్తిచేసినవాళ్ల రేటు 2018-19లో 86 శాతం, 2019-20లో 87. అక్కడ కూడా చాలా రాష్ట్రాలు ఆ ఏడాదికి కొన్ని పరీక్షలూ రూల్సూ ఎత్తేశాయి. అంటే మహమ్మారి వచ్చినా బడి పూర్తి చేసినవాళ్ల సంఖ్య తగ్గలేదు.
ఇప్పుడు తర్వాతి మెట్టు చూడండి. అదే అమెరికాలో స్కూల్ అవ్వగానే అక్టోబర్ కల్లా కాలేజీలో ఉన్నవాళ్లు 2019లో 66.2 శాతం, 2020లో 62.7, 2021లో 61.8. సర్టిఫికెట్ చేతిలో ఉంది, కాలేజీలో మనిషి లేడు. మీ తమ్ముడు ఉన్నది సరిగ్గా అక్కడ. ఒక్కడే కాదు.

గేట్‌పాస్
నాలుగు శాతం చిల్లర. అంత పెద్ద విషయమా?

లెక్కలపక్షి
ఆ నాలుగు శాతం అందరి మీదా సమానంగా పడి ఉంటే చిన్నదే అనుకోవచ్చు బ్రో. పడలేదు. అమెరికాలో నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ అని ఒక సంస్థ ఉంది, ఏ పిల్లాడు ఏ కాలేజీలో చేరాడో లెక్క కడుతుంది. 2020 బ్యాచ్‌లో వెంటనే కాలేజీలో చేరినవాళ్లు ముందు ఏడాది కంటే 6.8 శాతం తగ్గారని తేల్చారు. (మొదట డిసెంబర్‌లో 21.7 అన్నారు, తర్వాత లెక్క సరిచేసుకున్నారు. నెట్‌లో ఇప్పటికీ ఆ పాత అంకె తిరుగుతోంది, చూసి మోసపోకండి.) ఈ 6.8ని విడదీస్తే పేదరికం తక్కువ ఉన్న స్కూళ్లలో తగ్గుదల 2.9, పేదరికం ఎక్కువ ఉన్న స్కూళ్లలో 11.4. ఒకే వాన, కొన్ని ఇళ్లకి పైకప్పు లేదు.
ఇంకోటి, అబ్బాయిలు. 2019లో స్కూల్ అవ్వగానే కాలేజీలో చేరిన అబ్బాయిలు 62 శాతం, 2021కి 54.9. అమ్మాయిలు మాత్రం 69.8 నుంచి 69.5, అంటే దాదాపు కదల్లేదు.

చాక్‌పీస్
నేను స్కూల్లో పై తరగతులకి చెప్తాను, 2020లో ఆఖరి సంవత్సరం క్లాస్ టీచర్ని. నా దగ్గర ఇప్పటికీ ఒక నోట్‌బుక్ ఉంది. బడి మూసేశాక రోజుకి పదిమందికి ఫోన్ చేసి ఎలా ఉన్నారు, చదువుతున్నారా అని అడగమన్నారు, ఆ నోట్‌బుక్‌లో 38 పేర్లు. పక్కన తేదీలు, మాట్లాడితే టిక్కు, లేకపోతే స్విచాఫ్ అనో ఎత్తలేదు అనో రాసుకునేదాన్ని. ఒకబ్బాయి పేరు పక్కన వరసగా ఏడుసార్లు స్విచాఫ్ అని ఉంటుంది. ఎనిమిదోసారి నేనే ఫోన్ చెయ్యడం మానేశాను, ఆ గడి ఖాళీగా ఉంది.
ఆ అబ్బాయి కూడా పాస్. 38కి 38 పాస్. మా స్కూల్ ముందు బ్యానర్ కట్టారు. నేను ఆ బ్యానర్ కింద నుంచి లోపలికెళ్లిన ప్రతిసారీ ఆ గడే గుర్తొచ్చేది. పిల్లాడు బడిలో ఉన్నన్నాళ్లు రాకపోతే కనీసం ఆబ్సెంట్ అని రాస్తాం, అడుగుతాం. బడి అయిపోయాక మా రిజిస్టర్‌లో పేరు ఉండదు, కాలేజీ రిజిస్టర్‌లో ఇంకా ఎక్కలేదు. ఆ రెండింటి మధ్య నెలల్లో హాజరు పిలిచేవాళ్లు ఎవరూ లేరు. మామూలు ఏడాదిలో స్నేహితులు గుంపుగా వెళ్లి అప్లికేషన్లు పెడతారు కాబట్టి ఒకరినొకరు లాక్కుపోతారు. ఆ ఏడు గుంపే లేదు.

ఫైలుమీదఫైలు
చాక్‌పీస్ గారు చెప్పిన అవతలి ఒడ్డున కూర్చున్నది నేను. కాలేజీ అడ్మిషన్ ఆఫీసులో చేస్తా. 2020, 21లో మాకు సిస్టమ్‌లో ఎక్కువ కనపడింది ఏంటంటే మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన అప్లికేషన్లు. పేరు, పుట్టిన తేదీ, మార్కులు నింపి ఎక్కడో ఆగిపోయేవి. వాటికి మూడు ఆటోమేటిక్ మెయిళ్లు వెళ్తాయి, "మీ దరఖాస్తు అసంపూర్తిగా ఉంది" అని, అంతే, గడువు దాటాక ఫైల్ మూతపడుతుంది. అప్లికేషన్ పూర్తి చేయనివాళ్లు మా లెక్కల్లో మానేసినవాళ్ల కింద కూడా రారు. అసలు ఎందులోనూ రారు. వాళ్లలో ఒక్కరికైనా ఫోన్ చేశామా అంటే చెయ్యలేదు. ఆ పని ఎవరి బాధ్యతా కాదు మరి.

నీలిగోరింక
మధ్యలో ఆగిపోయిన అప్లికేషన్... మావాడు అసలు అప్లై చెయ్యలేదనే ఇన్నాళ్లూ అనుకుంటున్నాం. ఇవాళ రాత్రి అడుగుతా.

గేట్‌పాస్
నాకో డౌటు. ఉద్యోగాలు లేనప్పుడు జనం ఖాళీగా ఉండే బదులు కాలేజీలకి పోవాలి కదా? 2008 మాంద్యం తర్వాత అలాగే జరిగిందని ఎకనామిక్స్‌లో చదివా.

లెక్కలపక్షి
కరెక్టే చదివావ్. ఆ మాంద్యం తర్వాత అమెరికా కాలేజీలు కిక్కిరిసిపోయాయి, 2010 నాటికి మొత్తం 2 కోట్ల 10 లక్షల మంది, అదే శిఖరం. 2020లో కూడా అలాగే వస్తారని చాలామంది అనుకున్నారు, రివర్స్ అయింది. ఎందుకంటే మాంద్యంలో మూతపడింది పని, కాలేజీ తెరిచే ఉంది. మహమ్మారిలో కాలేజీ కూడా మూతపడింది. పైగా చదువు అక్కర్లేని పనులు, గోడౌన్లు, డెలివరీ లాంటివి, ముందుగా తిరిగొచ్చాయి, జీతాలు కూడా పెరిగాయి. 18 ఏళ్ల కుర్రాడి ముందు ఒక పక్క ఫీజు కట్టి చూడాల్సిన స్క్రీన్, ఇంకో పక్క వారం తిరిగేసరికి చేతికొచ్చే డబ్బు. ఇంట్లో అవసరం ఉంటే ఎటు పోతాడు?
2020లో అక్కడ అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నవి తక్కువ ఫీజుండే కమ్యూనిటీ కాలేజీలు, ఒక్క ఏడాదిలో 10 శాతం విద్యార్థులు పోయారు. మామూలుగా కష్టకాలంలో జనం వెళ్లేది వాటికే. వెల్డింగ్, నర్సింగ్ ల్యాబ్ ఇవి ఫోన్లో ఎలా నేర్పుతారు చెప్పు.

అర్ధరాత్రి_బస్సు
పైన లెక్కలపక్షి చెప్పిన కుర్రాడిని నేనే, వయసు మాత్రం కొన్నేళ్లు ఎక్కువ. గోడౌన్‌లో నైట్ షిఫ్ట్. మొదటి జీతం ఇంట్లో ఇచ్చిన రోజు మా అమ్మ ఏడ్చింది, సంతోషంతో. ఆ తర్వాత మానేసి చదువుకుంటా అని ఎలా అంటాను, నోరు రాదు. అక్కా (నీలిగోరింక), బద్ధకం అని ఎవరైనా అంటే నమ్మకు. రోజుకి పది గంటలు డబ్బాలు మోసినవాడికి బద్ధకం ఉండదు.

గేట్‌పాస్
నేను బద్ధకం అన్లేదు అన్నా. ఎవరు ఆపారు అనడిగా.

అర్ధరాత్రి_బస్సు
రెండూ ఒకేలా వినపడతాయి తమ్ముడూ, వినేవాడి వైపు నుంచి.

ఇద్దరిఅమ్మ
మా ఇంటి కథ చెప్తా. ఒక ఫోన్, ఇద్దరు పిల్లలు, పెద్దవాడు ఆఖరి సంవత్సరం, చిన్నది నాలుగో తరగతి. ఇద్దరికీ పొద్దున తొమ్మిదికే క్లాసు. పెద్దవాడు "నాకు వీడియోలు తర్వాత పెడతారులే" అని రోజూ చెల్లికి ఇచ్చేసేవాడు. ఆ తర్వాత అనేది రాత్రి పదకొండింటికి, నేను పని ముగించుకుని ఫోన్ ఛార్జింగ్ పెట్టాక. మెట్ల దగ్గర కూర్చునేవాడు, సిగ్నల్ అక్కడే వచ్చేది. ఒక రోజు చూస్తే వీడియో నడుస్తూనే ఉంది, వాడు గోడకి తలానించి నిద్రపోతున్నాడు. లేపలేదు. ఇప్పటికీ ఆ రోజు లేపాల్సిందా అనిపిస్తుంది.
చిన్నది మాత్రం బాగా ముదిరింది. అన్నానికి పిలిస్తే "మేడమ్ మీ వాయిస్ కట్ అవుతోంది" అనేది.

వానచినుకు
హహ్హ, మా అక్క కొడుకు కూడా అంతే, తిడుతుంటే కదలకుండా కూర్చుని నెట్ స్ట్రక్ అయినట్టు యాక్టింగ్.

లెక్కలపక్షి
ఇద్దరిఅమ్మ గారూ, ఒక ఫోన్ అయినా ఉంది మీ ఇంట్లో. 2020 ఆగస్టులో యునిసెఫ్ ఇచ్చిన లెక్క ప్రకారం ఆన్‌లైన్, టీవీ, రేడియో ఏదీ అందని పిల్లలు కనీసం 46.3 కోట్లు. ఆ ఏప్రిల్‌లో 190కి పైగా దేశాల్లో 150 కోట్ల మందికి పైగా పిల్లల బళ్లు మూతపడి ఉన్నాయి.

వానచినుకు
అబ్బాయిలు తగ్గారు, అమ్మాయిలు కదల్లేదు అని ఒక దేశం లెక్క చెప్పి వదిలేయకండి. అది డబ్బున్న దేశం సంగతి. ఎబోలా జబ్బు అప్పుడు ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో బళ్లు 2014 మధ్యలో మూసి 2015 ఏప్రిల్‌లో తెరిచారు. ఆ నెలల్లో చాలామంది ఆడపిల్లలు గర్భవతులయ్యారు. తెరిచాక ఏం చేశారో తెలుసా, కనిపించే గర్భంతో ఉన్న అమ్మాయిలు మామూలు బడికి రాకూడదని నిషేధం పెట్టారు. అది 2020 మార్చి దాకా ఉంది. అంటే బళ్లు తెరిచాక కూడా దాదాపు ఐదేళ్లు ఆ తలుపు వాళ్లకి మూసే ఉంది. ఎవరు ఆపారు అని అడిగారు కదా పైన, అక్కడ ఆపింది రూలే.
అదే దేశంలో కొన్ని ఊళ్లలో అమ్మాయిల కోసం క్లబ్బులు నడిచాయి, కూర్చోడానికి భయం లేని చోటు, అంతే. క్లబ్ లేని ఊళ్లలో అమ్మాయిల బడి నమోదు 16 శాతం పాయింట్లు పడిపోతే క్లబ్ ఉన్నచోట ఆ దెబ్బ దాదాపు సగానికి తగ్గింది. పెద్ద టెక్నాలజీ ఏం కాదు.
నా విషయానికొస్తే, అమ్మకి కరోనా వచ్చి ఆర్నెల్లు కోలుకోలేదు. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. అన్నయ్య ఉన్నాడు, నేనూ ఉన్నా. ఎవరు ఉండాలో ఎవరూ చర్చించలేదు, దానంతటదే తేలిపోయింది. ఒక సెమిస్టర్ పోయింది, కష్టపడి తెచ్చుకున్నాను. అందరికీ తిరిగి దొరకదు.

పాతచొక్కా
పెద్దవాణ్ణి, పాత సంగతి ఒకటి. 1918 ఫ్లూలో కూడా అమెరికా ఊళ్లలో బళ్లు మూశారు, న్యూయార్క్, షికాగో లాంటి ఒకటి రెండు తప్ప. తర్వాత జనాభా లెక్కలు తీసి ఆ పిల్లల చదువు, సంపాదన చూస్తే మూత వల్ల చెప్పుకోదగ్గ తేడా కనపడలేదని పరిశోధన చేసినవాళ్లు రాశారు. కాబట్టి మరీ బెంగపడక్కర్లేదేమో అని నా ఉద్దేశం, పిల్లలు గట్టివాళ్లు.

చాక్‌పీస్
1918లో ఎన్ని రోజులు మూశారండి?

పాతచొక్కా
చాలాచోట్ల నెలా నెలాపదిహేను రోజులు.

చాక్‌పీస్
మరి 2020లో? ఉగాండాలో మార్చి 2020లో మూసి 2022 జనవరి 10న పూర్తిగా తెరిచారు. ఇంచుమించు రెండేళ్లు. నెల రోజుల సెలవుకి, రెండేళ్ల గ్యాప్‌కి పోలిక ఎక్కడ సార్. పైగా 1918లో పదహారేళ్లకి చదువు ఆపి పనికెళ్లడం మామూలు సంగతి, స్కూల్ పూర్తి చేయకపోయినా బతుకు నడిచేది. ఇప్పుడు ఆ కాగితం లేకపోతే గేటు దగ్గరే ఆపుతున్నారు.

పాతచొక్కా
ఆ మాట ఒప్పుకుంటాను. అదే కాలంలో 1916 పోలియో అప్పుడు మాత్రం తేడా కనపడిందట, జబ్బు ఎక్కువున్న చోట పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల పిల్లలు, అంటే చట్టం ప్రకారం పనికి పోగలిగే వయసువాళ్లు, పెద్దయ్యాక చూస్తే తక్కువ చదివి ఉన్నారు. చిన్నవాళ్లు మళ్లీ బడికెళ్లారు, పెద్దవాళ్లు వెళ్లలేదు. మీ తమ్ముడి వయసు విషయం ఇదేనమ్మా.

నీలిగోరింక
పాతచొక్కా గారూ, ఇది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయా. నూరేళ్ల కిందట కూడా అదే వయసా.

సైలెంట్‌రీడర్
ఎప్పుడూ రాయను, చదివి పోతా. కానీ అందరూ 2020లో పాసైనవాళ్ల గురించే మాట్లాడుతున్నారు, నేనప్పుడు ఎనిమిదో తరగతి. ఎనిమిది, తొమ్మిది ఇంట్లోనే అయిపోయాయి. పదిలో కూర్చుంటే లెక్కల సార్ "ఇది మీకు తెలిసిందే కదా" అని ముందుకెళ్లేవారు, తెలియదు అని చెప్పడానికి సిగ్గు, క్లాసులో ఎవరికీ తెలియదని తర్వాత తెలిసింది. ఇప్పుడు కాలేజీలో ఉన్నా, ఫస్టియర్లో మూడు సబ్జెక్టులు పోయాయి, నా పక్కన కూర్చునే ఇద్దరు మానేశారు. మేం చేరాం కాబట్టి చేరినవాళ్ల లెక్కలో ఉన్నాం. మా సంగతి ఎవరు అడుగుతారు?

లెక్కలపక్షి
నువ్వు రాయడం చాలా మంచిదైంది. నీ బాధకి కొలత కూడా ఉంది. అమెరికాలో దేశం మొత్తానికీ కలిపి పెట్టే పరీక్షలో ఎనిమిదో తరగతి లెక్కల సగటు 2019లో 282, 2022లో 274. ఆ పరీక్ష పెట్టడం మొదలుపెట్టాక అంత పతనం లేదు. నెదర్లాండ్స్‌లో ఎనిమిది వారాలే మూశారు, ఇంటింటికీ మంచి నెట్ ఉన్న దేశం, అయినా పిల్లలు వెనకబడ్డారు, తల్లిదండ్రులు తక్కువ చదివిన ఇళ్లలో ఆ నష్టం 60 శాతం దాకా ఎక్కువ.
ఇంతకంటే నన్ను కదిలించింది పాకిస్తాన్‌ది. 2005 అక్టోబర్ భూకంపం తర్వాత అక్కడ పద్నాలుగు వారాల దాకా బళ్లు నడవలేదు. నాలుగేళ్ల తర్వాత వెళ్లి పరీక్ష పెడితే ఆ పిల్లలు ఏడాదిన్నర వెనక ఉన్నారు. పోయింది మూడు నెలలే, వెనకబడింది ఏడాదిన్నర. నీ లెక్కల సార్ చేసినట్టే, తెలిసిందే కదా అని పాఠం ముందుకెళ్లిపోయింది, పిల్లలు అక్కడే నిలబడిపోయారు. తల్లి కనీసం ప్రైమరీ దాకా చదివిన ఇళ్లలో మాత్రం ఆ లోటు కనపడలేదు.

ఇద్దరిఅమ్మ
నేను ఏడు దాకా చదివా. ఈ చివరి వాక్యం మావారికి రెండుసార్లు చదివి వినిపించా.

గేట్‌పాస్
ఆల్‌పాస్ చెయ్యడమే తప్పు అంటారా అయితే? మా మార్కులు చూసి ఇంటర్వ్యూలో ఒకాయన "ఓ, పరీక్ష రాయని బ్యాచ్చా" అన్నాడు. మూడేళ్లు చదివింది పక్కనబెట్టి ఆ ఒక్క మాట. నా కోపం అక్కడ్నుంచి వచ్చింది, ఒప్పుకుంటున్నా.

చాక్‌పీస్
తప్పు కాదు బాబూ, ఆ రోజుల్లో గదిలో పిల్లల్ని కూర్చోబెట్టి పరీక్ష పెట్టడం ప్రాణాలతో ఆట. పరీక్ష లేకుండా మార్కులివ్వడానికి అందరూ తంటాలు పడ్డారు. ఇంగ్లండ్‌లో కంప్యూటర్ ఫార్ములాతో ఇస్తే టీచర్లు వేసిన గ్రేడ్లలో 40 శాతం దాకా కిందికి పోయాయి, స్కూల్ పాత చరిత్ర చూసి పిల్లాడి గ్రేడు కోసింది. పిల్లలు రోడ్డెక్కారు, 2020 ఆగస్టు 13న ఫలితాలు వస్తే 17న ఆ ఫార్ములా పీకి పారేసి టీచర్లిచ్చిన గ్రేడ్లే ఇచ్చారు. పాస్ చేయడం వరకు సరైనదే. పాస్ చేశాక పని అయిపోయిందనుకోవడం తప్పు. ఆ తప్పు నాది కూడా.

వానచినుకు
గేట్‌పాస్, ఆ ఇంటర్వ్యూ ఆయనది మర్యాద లేని మాట. నువ్వు చదివింది నీదే.

ఫైలుమీదఫైలు
ఒక మాట, చేరినవాళ్ల లెక్క తగ్గిందంటే అందరూ చదువు మానేశారని కాదు, కొన్నిసార్లు చోటు మారతారు. ఇండియాలో పల్లెటూళ్ల పిల్లల చదువు చూసే అసర్ అనే సర్వేలో ప్రభుత్వ బళ్లలో పిల్లలు 2018లో 64.3 శాతం, 2021కి 70.3. ప్రైవేట్ ఫీజులు కట్టలేక మారారు. ఏ ప్రైవేట్ స్కూల్ రిజిస్టర్ చూసినా "పిల్లలు పోయారు" అనే ఉంటుంది. కాబట్టి ఒక్క కాగితం చూసి ఏడవకూడదు, సంబరపడకూడదు.

నీలిగోరింక
తమ్ముడితో మాట్లాడా. రాత్రి పదిన్నరకి వచ్చాడు, అన్నం పెట్టి మెల్లగా అడిగా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పాత మెయిల్ తెరిచి ఫోన్ నా చేతిలో పెట్టాడు. 2020 సెప్టెంబర్. "మీ దరఖాస్తు అసంపూర్తిగా ఉంది." ఒకటి కాదు మూడు, ఫైలుమీదఫైలు గారు చెప్పినట్టే. అప్లై చేశాడు. రెండు పేజీలు నింపాడు. మూడో పేజీలో తండ్రి వృత్తి, కుటుంబ ఆదాయం అని ఉందట. నాన్నని అడగాలి. నాన్న అప్పుడు రోజంతా గోడ వైపు తిరిగి పడుకుని ఉండేవాడు. "ఏం రాయాలో తెలియలేదక్కా, నాన్నని అడగబుద్ధి కాలేదు, రేపు అడుగుదాంలే అని మూసేశా" అన్నాడు.
నేను పక్క గదిలోనే ఉన్నా అప్పుడు. నాకే చెప్పలేదు. ఇంకేం రాయలేకపోతున్నా.

ఇద్దరిఅమ్మ
తల్లీ, నీ తప్పు కాదు, వాడి తప్పూ కాదు.

గేట్‌పాస్
అక్కా సారీ. నిజంగా. ఇది చదివాక మా పాత క్లాస్ గ్రూప్ తెరిచి ఒక్కొక్క పేరూ చూశా. దాదాపు అందరూ చేరారు అన్నా కదా, 40లో తొమ్మిది మంది ఏం చేస్తున్నారో నాకు తెలియదు. ఇద్దరు 2021లోనే గ్రూప్‌లోంచి వెళ్లిపోయారు, ఎవరమూ అడగలేదు. వాళ్లలో ఒకడు మూడేళ్లు నా పక్కన కూర్చున్నవాడు. ఇవాళ ఫోన్ చేశా, నంబర్ మారిపోయింది. వాళ్లన్నయ్య నంబర్ కోసం అడుగుతున్నా.

చాక్‌పీస్
గేట్‌పాస్, దొరికితే ఇక్కడ చెప్పు. నేను కూడా ఆ నోట్‌బుక్ తీశా.

అర్ధరాత్రి_బస్సు
ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం, 23కి అవుతుందా అని. నేను 26కి చేరా. ఉన్నదున్నట్టు చెప్తా. మొదటి నెల నరకం, శాతాలు కట్టడం కూడా మర్చిపోయా, చెల్లెలి ఏడో తరగతి పుస్తకం తీసుకుని షిఫ్ట్ బ్రేక్‌లో చేసేవాణ్ణి. క్లాసులో పిల్లలు ముందు అన్నా అన్నా అని దూరంగా ఉండేవాళ్లు, పరీక్షల ముందు నోట్స్ కోసం అదే అన్నా, దగ్గరగా. పని పూర్తిగా మానలేదు, షిఫ్టులు తగ్గించుకున్నా. అందరూ చెప్పే "మనసుంటే మార్గం" నేను చెప్పను, నాకు మార్గం దొరికింది మా సూపర్‌వైజర్ పరీక్షల వారం షిఫ్ట్ మార్చినందుకు. కాబట్టి చేరేముందే పనిచేసే చోట అడిగేయమను. ఒక్కటే జాగ్రత్త, ఒకేసారి అన్ని సబ్జెక్టులూ ఎత్తుకోవద్దు. మొదట్లో పోతే మళ్లీ మనసు విరిగిపోతుంది.

లెక్కలపక్షి
తిరిగొచ్చేవాళ్లు ఉన్నారు కూడా. అమెరికాలో 2023లో కాలేజీ లెక్కలు కరోనా తర్వాత మొదటిసారి పైకి లేచాయి. మిషిగన్ రాష్ట్రం 2021లో 25 దాటి డిగ్రీ లేనివాళ్లకి కమ్యూనిటీ కాలేజీ ఫీజు లేకుండా చేసింది. పెద్దయ్యాక వచ్చేవాడు తప్పిపోయినవాడు కాదు, వాళ్ల కోసం తలుపు పెట్టాలి అని ఎవరో ఒకరు అనుకుంటే అవుతుంది. కానీ 2020లో ఆగినవాళ్లే తిరిగొచ్చారా, తర్వాతి బ్యాచ్‌లు పెరిగాయా అన్నది వేరు వేరుగా చూడాలి, కొత్తవాళ్లు వచ్చినంత మాత్రాన పాతవాళ్లు వచ్చినట్టు కాదు.

ఫైలుమీదఫైలు
నీలిగోరింక గారూ, పని విషయం. ఆ పాత దరఖాస్తు మూతపడి ఉంటుంది, దాని వెంట పడొద్దు, కొత్త అకౌంట్‌తో మొదటినుంచి పెట్టించండి. గ్యాప్ ఎందుకొచ్చింది అని అడిగితే నాలుగు లైన్లు చాలు, కుటుంబంలో పని పోయింది, నేను పనిచేశాను, ఇప్పుడు చదవాలనుకుంటున్నాను, అంతే, క్షమాపణలా రాయొద్దు. డెలివరీ పనిచేసిన కాగితం ఏదైనా ఉంటే జతచేయండి. స్కూల్ ఒరిజినల్ సర్టిఫికెట్ ఇంట్లో ఉందో లేదో ఇవాళే చూడండి, చాలామంది స్కూల్లోనే వదిలేశారు, తెచ్చుకోడానికి టైం పడుతుంది. ఆదాయం దగ్గర ఇప్పటి ఆదాయమే రాయాలి, అప్పటిది కాదు. అక్కడ ఆగితే నన్ను అడగండి, రాత్రైనా పర్లేదు.

నీలిగోరింక
సర్టిఫికెట్ బీరువాలో ఉంది, కవర్ కూడా చింపలేదు. ఈసారి నాన్నే పక్కన కూర్చున్నాడు, వృత్తి దగ్గర తనే చెప్పి రాయించాడు. మూడో పేజీ దాటేశారు. నాలుగో పేజీలో ఫోటో సైజ్ ఎక్కువ ఉంది అని ఎర్రగా చూపిస్తోంది, ముగ్గురం కొట్టుకుంటున్నాం, ఎలా తగ్గించాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్, రేపు పొద్దున వాడికి డ్యూటీ ఉంది.

సైలెంట్‌రీడర్
ఫోటోని వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోండక్కా, సైజ్ అదే తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌లా కాదు, మామూలు ఫోటోలా పంపాలి. నేను అలాగే చేశా.